చూపు కొలత

కర్రకు కట్టిన ఎర్రగుడ్డ గోడ మీదుగా మెల్లిగా పైకి లేచింది.

"ఇప్పుడు కనిపిస్తోందా?" కర్ర పట్టుకున్న తోటాయన అరిచాడు.

"ఆ, కనిపిస్తోంది," బల్ల మీద కూర్చున్న డాక్టరమ్మ అంది.

"ఇప్పుడు?"

"సగం."

"ఇప్పుడో?"

"పోయింది! కిటికీ మొత్తం మీ గుడ్డ వెనక్కి పోయింది."

ఆయన కర్ర మీద సుద్దతో గీత పెట్టాడు. పన్నెండు అడుగులు. ఇరవై ఏళ్ళుగా ఆయన పనిచేసే పద్ధతి ఇదే. నగరం నడిబొడ్డున ఇళ్ళు ఒకదాని వీపు ఒకటి గోక్కునేంత దగ్గరగా ఉంటాయి. అక్కడ తోట అంటే పువ్వులూ పచ్చికా కాదు, ఎవరి కళ్ళనుంచి ఎవర్ని దాచాలి అన్నదే లెక్క. ఇంటివాళ్ళు కూర్చునే ప్రతిచోటా వాళ్ళనే కూర్చోబెట్టి, కర్ర లేపి, అవతలి కిటికీ ఎక్కడ మాయమవుతుందో గుర్తు పెట్టుకుంటాడు. దానికి చూపు కొలత అని పేరు కూడా ఆయనే పెట్టుకున్నాడు.

ఈ పెరడు ఇరవై అడుగుల వెడల్పు, పదడుగుల లోతు. చివర గోడ. గోడకి మూడడుగుల అవతల పాత మేడ. ఆ మేడ పైభాగంలో ఒకే ఒక్క కిటికీ.

"ఆ కిటికీతో చచ్చిపోతున్నానండీ," అంది డాక్టరమ్మ. ఆవిడ పళ్ళ డాక్టరు. "పొద్దున్నుంచీ జనం నోళ్ళలోకి తలపెట్టి చూస్తానా, మధ్యాహ్నం క్లినిక్ మూసి ఇక్కడ అరగంట జుట్టు విప్పుకుని కాళ్ళు చాపుకోవాలని ఉంటుంది. తలెత్తితే ఆ ముఖం. రెప్ప కూడా వెయ్యదు. ఒకరోజు ఉండబట్టలేక లేచి, 'సిగ్గులేదా అలా చూడ్డానికి' అని అరిచాను కూడా."

"ఏమంది?"

"ఏమంటుంది? కదల్లేదు. అంత మొండి!"

గోడ పక్కన గుంత కొలుస్తున్న పనివాడు కిసుక్కున నవ్వాడు. వాడి పేరు పొడుగు. ఆయన భుజం దాకా కూడా రాడు కాబట్టి ఆ పేరు. "గుడ్లగూబకి బంధువేమో అమ్మా," అన్నాడు.

"నువ్వు టేపు చూసుకో," అని కసిరి, తోటాయన ఇంకో టేపు పట్టుకుని గోడకి నిచ్చెన వేశాడు. కిటికీ పైఅంచు ఎంత ఎత్తో రాసుకోవాలి.

చివరి మెట్టుకి ముందు మెట్టు మీద ఆయన తల కిటికీకి సరిగ్గా ఎదురుగా వచ్చింది. మధ్య దూరం మూడడుగులే.

లోపల ఒకావిడ. యాభై దాటి ఉంటాయి. దళసరి కళ్ళజోడు. ముందు బల్ల మీద నల్లకోటు చెయ్యి పరిచి ఉంది. కుడిచేతిలో సూది. ఎడమచేత్తో నాలుగు నల్లదారాలు వెలుగుకి ఎత్తిపట్టి, తల కాస్త పక్కకి వంచి, ఒకదానితో ఒకటి పోల్చుకుంటోంది. ముఖం సరిగ్గా పెరడు వైపే ఉంది. కళ్ళు మాత్రం దారాల దగ్గరే ఆగిపోయాయి.

ఆయనకి అర్థం కావడానికి రెండు క్షణాలు పట్టింది. రఫూ పని. చిరిగినచోట ఆనవాలు తెలియకుండా పోగు పోగుగా అల్లే పని. ఆవిడ ఎవర్నీ చూడడం లేదు. వెలుగు ఎటుంటే ముఖం అటు తిప్పుకుంది. అంతే.

ఆవిడ దారాలు దించింది. ఎదురుగా ఏదో ఆకారం కదిలినట్టు తోచిందేమో, కళ్ళజోడు తీసింది.

ఆయన గబగబా నిచ్చెన దిగిపోయాడు.

"చూశారా?" కింద డాక్టరమ్మ చేతులు కట్టుకుని నిలబడి ఉంది. "ఉందా?"

"ఉందండీ."

"చూస్తోందా?"

ఆ ప్రశ్నకి జవాబు నాలుక మీదే ఉంది. ఇదే వీధిలో ఇలాంటి ఇరుకిళ్ళు ఇంకో పద్నాలుగు ఉన్నాయి. మొదటి ఇల్లు నచ్చితే మిగతావి ఆవిడే ఇప్పిస్తానంది. ఆవిడ కోపం న్యాయమైనదే అని తను అంతకుముందే రెండుసార్లు తలూపాడు. ఇప్పుడు కాదంటే ఆవిడ ముఖం ఎలా మారుతుందో ఊహించుకున్నాడు.

"ఇటే కూర్చుని ఉందండీ," అన్నాడు.

అబద్ధం కాదు. ఆ మాటనే సాయంత్రం దాకా లోలోపల నాలుగైదుసార్లు చెప్పుకున్నాడు.

చీటీలో పన్నెండు అని రాసిన చోట కొట్టేసి, పదహారు అని రాశాడు. నాలుగడుగులు ధీమాకి.

*

మర్నాడు వెదుళ్ళు వచ్చాయి. పదహారడుగులవి, గుబురుగా, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ గలగలలాడుతున్నాయి. గోడ పొడుగునా తవ్విన గుంతలో వేర్లు పక్కింటికి పాకకుండా మందపాటి ప్లాస్టిక్ పట్టా దించారు. మట్టిలో కొబ్బరిపొట్టు కలిపి పొర పొరగా వేశారు. ఒక్కో మొక్క పెట్టాక నీళ్ళు పోసి, బుడగలు ఆగేదాకా నిలబడి చూడటం ఆయన అలవాటు. బుడగ వస్తోందంటే లోపల ఖాళీ ఉన్నట్టు. ఖాళీ ఉంటే వేరు చస్తుంది.

పదిన్నరకి ఆఖరి వెదురు లేచి నిలబడింది. కిటికీ కనపడకుండా పోయింది.

పదకొండుకి ఆకుల సందుల్లోంచి తెల్లటి వెలుగు ఒకటి టపటపా కొట్టుకుని నిలిచింది. అవతల ట్యూబ్‌లైటు వేశారు. పట్టపగలు. నెత్తిన ఎండ మండుతుండగా.

పొడుగు నడుము మీద చేతులు పెట్టుకుని పైకి చూశాడు. "సారూ, ఇది చెట్టు వేసినట్టు లేదు. వాళ్ళ కిటికీకి మనం బయటనుంచి తలుపు వేసినట్టుంది."

"ఇనపతీగ కట్టు. గాలికి ఊగుతున్నాయి."

"కడతాను. పన్నెండు చాలన్నారుగా నిన్న?"

"నీకెందుకురా ఆ లెక్కలు?"

"నాకెందుకు, నేనెలాగూ దేన్నీ పైనుంచి చూడలేను," అంటూ వాడు తీగ కింద మెత్తగా పెట్టే రబ్బరు ముక్కలు తీసుకుని వెళ్ళాడు.

ఒంటిగంటన్నరకి డాక్టరమ్మ వచ్చింది. చెప్పులు గుమ్మంలోనే విడిచి, జడ విప్పుకుని, బల్ల మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. తర్వాత చేతులు పైకెత్తి ఒళ్ళు విరుచుకుంది. "ఆరు నెలల తర్వాత ఇది నా ఇల్లనిపిస్తోందండీ," అంది.

అలాంటి మాట వింటే మామూలుగా ఆయనకి ఆ పూట అన్నం కూడా అక్కర్లేదు. ఇప్పుడు మాత్రం ఆవిడ వైపు చూడలేక, నీళ్ళ పైపు చుడుతూ కూర్చున్నాడు. చుట్టిన పైపునే విప్పి మళ్ళీ చుట్టాడు.

ఆకుల వెనక ట్యూబ్‌లైటు వెలుగుతూనే ఉంది.

*

రెండు రోజులు గడిచాయి. వేరే పని మీద ఉన్నా ఆ తెల్లటి వెలుగు ఆయన్ని వదల్లేదు. మూడోరోజు వ్యాన్‌ని ఆ పాత మేడ ముందు ఆపాడు. ఉత్త చేతులతో వెళ్ళి ఏమని చెప్పాలి? ఎవరని చెప్పాలి?

వ్యాన్‌లో మార్చుకోవడానికి పెట్టుకున్న బూడిదరంగు చొక్కా ఒకటి ఉంది. మొక్కలకి అంట్లు కట్టే కత్తి తీశాడు. చొక్కా కుడిచేతి గుడ్డని మోకాలి మీద పరుచుకుని, మణికట్టుకి జానెడు పైన రెండంగుళాలు కోశాడు. అంచులు మరీ శుభ్రంగా ఉన్నాయనిపించి వేళ్ళతో నలిపాడు. ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూశాడు.

పైమెట్టు దగ్గరే ఆవిడ బల్ల ఉంది. గదిలోంచి మెట్ల మీదికి లాక్కొచ్చుకుంది. అక్కడ తలుపు పైనున్న చిన్న అద్దంలోంచి చారెడు వెలుగు పడుతోంది. ఎవరు ఎక్కినా దిగినా బల్ల జరపాలి. గాలికి దారాలు ఎగరకుండా ఒక్కోదాని మీదా గుండీ పెట్టింది.

"రఫూ చేస్తారని విన్నాను," అన్నాడు.

"చేస్తాను. రండి. ఆ కోటు మీద కాలు పడకుండా చూడండి."

లోపల్నుంచి ముసలి గొంతు ఒకటి, "ఎవరే వచ్చింది?" అంది.

"చొక్కా వచ్చిందత్తయ్యా."

"చొక్కా ఒక్కటే వచ్చిందా, లోపల మనిషి కూడా ఉన్నాడా?"

"ఉన్నాడు. మీరు మందు వేసుకోండి."

ఆవిడ నవ్వుకుంటూ చొక్కా అందుకుంది. పక్కనే కుర్చీ మీద నల్లకోటు ఉంది. మోచేతి దగ్గర వేలెడంత మేర కొంచెం నీలంగా మెరుస్తోంది. ఆయన చూపు అక్కడ ఆగడం ఆవిడ గమనించింది.

"లాయరు గారిది. నిన్న తిరిగొచ్చింది. మొత్తం విప్పి మళ్ళీ చెయ్యాలి. నలుపనుకుని ముదురు నీలం అల్లాను. ట్యూబ్‌లైటు కింద రెండూ ఒకటే. ఆయన ఎండలోకి వెళ్ళేసరికి అతుకు బయటపడిపోయింది. నాకు బట్టలు పంపేది లాండ్రీ షాపాయన. పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి ఫోన్ చేసి అడిగాడు, 'కళ్ళు తగ్గాయా అమ్మా' అని. ఇంకోటి ఇలా వస్తే పని వేరే చోటికి పంపుతానన్నాడు. ఆయన్ననేం లాభం, ఆయన వ్యాపారం ఆయనది."

"కళ్ళకేం కాలేదు కదా?"

"కళ్ళకేం? కిటికీకి వచ్చింది జబ్బు." ఆవిడ చొక్కాని అద్దం కిందకి జరిపి, కోతని రెండు బొటనవేళ్ళ మధ్య సాగదీసింది. కళ్ళజోడు ముక్కు మీదికి దించి, ముఖం దగ్గరికి తెచ్చుకుని చూసింది. తిప్పి చూసింది. మళ్ళీ మొదటి వైపు చూసింది.

"ఎలా చిరిగింది?"

"మేకు తగిలిందండీ."

"మేకు తగిలితే గుడ్డ మూల తిరిగి చిరుగుతుంది. పోగులు సాగి, పొడుగూ పొట్టీగా ఉంటాయి." ఆవిడ గొంతులో కోపం లేదు, పాఠం చెప్తున్నట్టుంది. "ఇది తిన్నగా ఉంది. అన్ని పోగులూ ఒక్క గీత మీద తెగాయి. కత్తి, మంచి పదునున్నది. కోశాక నలిపారు కూడా."

మెట్ల మీద ఎవరో దిగుతున్నారు. ఆవిడ బల్ల జరిపి, వాళ్ళు వెళ్ళాక మళ్ళీ యథాస్థానానికి లాక్కుంది. ఆ కాసేపూ ఆయన గోడకి అతుక్కుని నిలబడ్డాడు.

"ఆ రోజు నిచ్చెన మీద ఉన్నది మీరే కదా?" అంది.

ఆయన తలూపాడు.

"ఈ కళ్ళజోడుతో సూదికి జానెడు అవతల నాకంతా మసకే. ఎవరో మనిషి అనిపించి తీసి చూశాను. చేతిలో టేపు ఉంది. నా బల్ల చూశారు, నా చేతులు చూశారు. తర్వాత రోజు గోడ దగ్గర తవ్వుతుంటే అత్తయ్య అడ్డంగా చెట్లేమైనా వేస్తారేమోనంది. నేనే వద్దన్నాను, కంగారు పడకండి, ఆయన చూశాడుగా, వాళ్ళతో చెప్తాడు అన్నాను."

ఆయన దారాల మీది గుండీల వైపు చూశాడు.

"కొలుచుకునే మనిషి కదా, ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్తారనుకున్నాను."

"మీరు వెళ్ళి వాళ్ళని అడగాల్సింది," అన్నాడు చివరికి. అన్నాక, ఆ మాట తననుంచే వచ్చిందా అని సిగ్గుపడ్డాడు.

"ఏమని అడగను? వాళ్ళ స్థలం, వాళ్ళ చెట్లు. మీ పెరట్లో ఎండ నాకు కాస్త పంచండి అనా? అసలు అక్కడ ఒకావిడ కూర్చుంటుందనే నాకు తెలీదు. ఒకసారెవరో గట్టిగా అరిస్తే, పనిమనిషిని కోప్పడుతున్నారనుకున్నాను." ఆవిడ చొక్కా మడిచి పక్కన పెట్టుకుంది. "బూడిదరంగుల్లో నా దగ్గర పదకొండు దారాలున్నాయి. ఈ వెలుగులో పదకొండూ ఒకటే. చేసిచ్చాక రంగు తేడా వస్తే అనుకోకండి. ఎప్పటికి కావాలి?"

ఇంకేమీ అడగలేదు. చెట్లు తీయించమని గానీ, ఎందుకిలా చేశారని గానీ. అడిగి ఉంటే ఆయన ఏదో ఒకటి చెప్పుకునేవాడు.

"తొందరేం లేదండీ," అన్నాడు. మెట్లు దిగుతుంటే వెనక ముసలి గొంతు వినిపించింది. "చొక్కా వెళ్ళిపోయిందా?"

*

"పైన నాలుగడుగులు కత్తిరించేద్దాం," మర్నాడు పొద్దున్నే వ్యాన్‌లో పొడుగుకి రఫూ ఆవిడ సంగతంతా చెప్పాక అన్నాడు. "కొలతలో తేడా వచ్చిందని చెప్తాను."

"కొలతలో తేడా రాలేదుగా సారూ."

"వచ్చిందనే చెప్తాను."

"పన్నెండు ఉంచినా ఆవిడ బల్ల మీదికి వెలుగు రాదు. మీరే చెప్పారుగా ఎన్నోసార్లు, అడ్డు కళ్ళకి దగ్గరగా పెడితే పొట్టిదైనా చాలని. డాక్టరమ్మ కూర్చునే బల్ల పక్కనే ఏడడుగుల పందిరి నిలువుగా వేస్తే సరిపోయేది. పొట్టివాణ్ణి కదా, ఆ పాఠం నాకు బాగా గుర్తుంది."

చూపు అడ్డంగా పోతుంది, వెలుగు పైనుంచి దిగుతుంది. ఒకదాన్ని ఆపడానికి రెండోదాన్ని ఆపక్కర్లేదు. చేతికింద పనికి చేరిన ప్రతివాడికీ మొదటిరోజు ఆయన చెప్పే మాట అదే.

డాక్టరమ్మ మధ్యాహ్నం విరామంలో ఉంది. బల్ల మీద కాళ్ళు చాపుకుని, కళ్ళు మూసుకుని ఉంది. అడుగుల చప్పుడుకి నవ్వుతూ లేచింది. "మీ గురించే అనుకుంటున్నాను. ఈ వరసలో మూడిళ్ళ వాళ్ళు వచ్చి చూసి వెళ్ళారు. మీ నంబరు ఇచ్చాను."

"చెట్లు కాస్త తగ్గిద్దామని వచ్చానండీ. కొలతలో చిన్న పొరపాటు..."

"ఎందుకు? బ్రహ్మాండంగా ఉంటేనూ! నాకు ఇలాగే కావాలి."

ఆ క్షణంలో సరే అని వెనక్కి తిరిగే వీలుంది. ఆయన కాళ్ళు తిరగబోయాయి కూడా. గేటు దగ్గర పొడుగు గడ్డపార మీద చేతులు ఆనించి చూస్తున్నాడు.

"పొరపాటు కాదండీ," అన్నాడు. "ఆవిడ మిమ్మల్ని చూడటం లేదు. ఎప్పుడూ చూడలేదు. రఫూ చేస్తుంది. వెలుగు కోసం ఇటు తిరిగి కూర్చుంటుంది. ఇప్పుడు మెట్ల మీద కూర్చుని చేస్తోంది, పని చెడిపోతోంది."

డాక్టరమ్మ కాళ్ళు కిందికి దించింది. "మీకెప్పుడు తెలిసింది?"

"నిచ్చెన ఎక్కినప్పుడు."

ఆవిడ వెదుళ్ళ వైపు తిరిగింది. ఆకుల వెనక తెల్లటి వెలుగు. ఇన్నాళ్ళూ అక్కడ ఉందనే ఆవిడ గమనించలేదు. జుట్టుని రెండు చేతులతో వెనక్కి తీసి గట్టిగా ముడి వేసుకుంది.

"నేనావిణ్ణి సిగ్గులేదా అని అరిచాను."

"ఆవిడ వినలేదండీ. పనిమనిషిని అంటున్నారనుకుందట."

"అంటే విన్నట్టేగా."

వెదురాకులు గలగలమన్నాయి.

"మీరు నిచ్చెన దిగగానే నేనడిగాను. చూస్తోందా అని. గుర్తుందా?"

"ఉందండీ."

"అప్పుడే చెప్పి ఉంటే నేను ఈ చెట్లు వద్దనేదాన్నని మీకు అనిపించలేదా?"

ఆయన తలదించుకున్నాడు. నిజంగా అనిపించలేదు. ఆవిడకి కోపం వస్తుందనుకున్నాడు, పని పోతుందనుకున్నాడు. వింటే ఆవిడ ఇలా జుట్టు ముడి వేసుకుని కూర్చుంటుందని మాత్రం ఒక్కసారి కూడా అనుకోలేదు.

"నన్ను అలాంటిదాన్ని అనుకున్నారన్నమాట," అంది. "ఆవిడకేమో కళ్ళు నెత్తికెక్కాయని నేననుకున్నాను. ఇద్దర్నీ చూసింది మీరొక్కరే."

"వెదుళ్ళు తీసేసి బల్ల పక్కన ఏడడుగుల పందిరి వేస్తే ఆవిడకి వెలుగొస్తుంది, మీకూ కిటికీ కనపడదండీ. రేపే మొదలుపెడతాను. ఆవిడతో నేను మాట్లాడి..."

"పందిరి వెయ్యండి. ఆవిడతో నేనే వెళ్ళి మాట్లాడతాను." లేచి చెప్పులు వేసుకుంది. "మీరు మధ్యలో ఉండక్కర్లేదు."

మూడిళ్ళ మాట మళ్ళీ ఎత్తలేదు. ఆ ఫోన్లు కూడా తర్వాత రాలేదు.

*

వెదుళ్ళు తీయడానికి ఒక పూట పట్టింది. నాటడం కన్నా తీయడం కష్టం. ఐదు రోజులకే తడి మట్టి వేర్ల చుట్టూ బిగుసుకుపోయింది. ఒక్కోదాన్నీ చుట్టూ తవ్వి, గోనెగుడ్డలో మూటకట్టి వ్యాన్ ఎక్కించారు. ఈసారి ఆయన పైపు పట్టుకుని నిలబడలేదు, పార పట్టాడు. పార జారి కాలి బొటనవేలు గోరు లేచిపోయింది. పొడుగు చూసి, "కట్టు కట్టనా?" అన్నాడు. వద్దన్నాడు.

మరో రెండు రోజుల్లో బల్లకి రెండడుగుల ముందు కొయ్య పందిరి నిలబడింది. రాధామనోహరం తీగ ఎదిగేదాకా దానికి వెదురు దబ్బల తడిక కట్టారు. అంతా అయ్యాక ఆయన ఎర్రగుడ్డ కర్ర తీయబోయి, ఆగి, తనే వెళ్ళి బల్ల మీద కూర్చున్నాడు. తడిక పైన ఆకాశం ఉంది. కిటికీ లేదు.

లేచి గోడకి నిచ్చెన వేశాడు. వెదుళ్ళని బిగించిన ఇనపతీగ మేకులు పైన ఇంకా ఉన్నాయి, పీకాలి.

కిటికీలోకి ఎండ నిండుగా దిగింది. బల్ల మళ్ళీ దాని చోట ఉంది. పక్కన డాక్టరమ్మ, నోళ్ళలోకి చూసేటప్పుడు నుదుటికి కట్టుకునే అద్దాలు కట్టుకుని, లాయరు కోటు మీదికి వంగి ఉంది. "ఈ పోగు కాదు, దాని పక్కది," అంటోంది రఫూ ఆవిడ. "ఇదా?" "ఆ, అదే. మీ చెయ్యి వణకడం లేదే, బాగుంది." లోపల్నుంచి ముసలి గొంతు ఏదో అడిగింది. ఇద్దరూ నవ్వారు. ఎవరూ తలెత్తలేదు.

ఆయన మేకులు పీకకుండానే దిగొచ్చాడు.

కింద పొడుగు చేతిలో కాగితం పొట్లం ఉంది. "ఇందాక మెట్ల దగ్గర కనిపిస్తే ఆవిడ ఇచ్చింది సారూ. మీ చొక్కా. వెదుళ్ళు ఉన్నప్పుడు చేసిందట. ఎండలో చూస్తే రంగు కలవలేదంది. ఇప్పుడు వెలుగొచ్చింది కదా, కావాలంటే విప్పి మళ్ళీ కనపడకుండా చేసిస్తానంది. ఏం చెప్పను?"

ఆయన చొక్కా విప్పి ఎండలో పట్టుకున్నాడు. అల్లిక నున్నగా ఉంది, వేలికి కూడా తగలడం లేదు. కానీ బూడిదరంగు మధ్యలో రెండంగుళాల మేర ఆకుపచ్చ చాయ కొడుతూ గీత ఒకటి స్పష్టంగా కనిపిస్తోంది.

"వద్దన్నానని చెప్పు," అన్నాడు.

మట్టి చొక్కా విప్పి దాన్ని వేసుకున్నాడు. పనిలోకి దిగేముందు మోచేతుల దాకా చేతులు మడవడం అలవాటు. కుడిచెయ్యి రెండు మడతలు వేసేసరికి గీత మడతలోకి పోయింది. ఆ మడతని కాసేపు అలా చూశాడు. తర్వాత విప్పి, చెయ్యి మణికట్టు దాకా లాక్కుని, గుండీ పెట్టుకున్నాడు.